ముండ్లమూరు ప్రకంపనలు, ఆఫ్రికా చీలిక: ఫలకాలు విడిపోవడమంటే ఏమిటి?

దర్శి సాంఘికం (దర్శి)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. 2024 డిసెంబరులో మన ప్రకాశం జిల్లాలోని ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో స్వల్ప ప్రకంపనలు వచ్చినప్పటి నుంచి, భూమి పైభాగపు పెద్ద రాతి పలకలైన ఫలకాల పాఠం మొదలుపెట్టగానే పిల్లలు ఒకటే అడుగుతున్నారు: "ఆఫ్రికా రెండుగా చీలుతోందట కదండీ, మన జిల్లా కూడా అలాగే చీలుతోందా?" కెన్యాలో రోడ్డును కోసేసిన పెద్ద పగులు ఫొటో ఒకటి ఫోన్లలో తిరుగుతూ ఉండటంతో వాళ్ల భయం ఇంకా పెరిగింది.

నాకు మరొక సందేహం కూడా ఉంది. పాఠాల్లో కనిపించే బొమ్మల్లో మాగ్మా (భూమి లోపలి కరిగిన రాయి) కింది నుంచి ఎగదన్ని, రెండు పక్కలకూ తిరిగి, ఫలకాలను తోసేస్తున్నట్టు బాణం గుర్తులు వేసి ఉంటాయి. ఫలకాలను తోసేది నిజంగా ఆ మాగ్మాయేనా? తెలిసినవారు మన ప్రాంతపు ఉదాహరణలతో వివరిస్తే తరగతిలో చెప్పుకోవడానికి ఎంతో వీలుగా ఉంటుంది.

గుండ్లకమ్మ (ఒంగోలు)

మాస్టారూ, పిల్లల ప్రశ్నకు ముందు సూటిగా జవాబు చెప్పాలి, లేకపోతే భయం అలాగే మిగిలిపోతుంది. ప్రకాశం జిల్లా చీలడం లేదు. మనం భారత ఫలకం అంచున లేము, లోపలి భాగంలో ఉన్నాము. ఆ ఫలకపు అంచులు ఉత్తరాన హిమాలయాల వద్ద, తూర్పున అండమాన్, సుమత్రాల పక్కనున్న సముద్ర అగాధం వద్ద, నైరుతిన అరేబియా సముద్రం అడుగునున్న కార్ల్స్‌బర్గ్ రిడ్జి (ఫలకాలు విడిపోయే చోటి పర్వత శ్రేణి) వద్ద ఉన్నాయి. వీటిలో ఏదీ మనకు వెయ్యి కిలోమీటర్ల లోపు లేదు.

అంతమాత్రాన ఇక్కడ నేల కదలదని కాదు. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో సుమారు 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ దాని గురించి చెబుతారు. భారత ఫలకం ఆసియాను నెడుతూ ఉండటం వల్ల దాని లోపలి భాగమంతా ఒత్తిడికి లోనై ఉంటుంది, ఆ ఒత్తిడికి పాత భ్రంశాలు (రాతిలోని పగుళ్లు) ఉన్నచోట రాయి కొద్దిగా జారుతుంది. అంటే ఈ ప్రకంపనలకు మూలం నొక్కుడే గాని చీలిక కాదు. అయితే తీరం పొడవునా ఉన్న ఆ పాత భ్రంశాల్లో కొన్ని, ఈ నేల నిజంగానే చీలిన కాలంలో పుట్టినవి. ఆ సంగతి తరువాత మాట్లాడుకుందాము.

కెన్యా ఫొటో 2018 మార్చి నాటిది. అక్కడి పగులు లోయ నిజమే, ఆఫ్రికా తూర్పు భాగం మిగిలిన ఖండం నుంచి ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున దూరమవుతున్న మాటా నిజమే. కానీ ఆ ఫొటోలోని గండి, అగ్నిపర్వత బూడిదతో పూడిపోయిన నేలను భారీ వర్షాలు కోసివేయడంతో బయటపడిందని చాలామంది భూవిజ్ఞానులు అప్పుడే చెప్పారు. నిజమైన చీలికను చూపాలంటే ఇథియోపియాలోని అఫార్‌ను చూపండి. అక్కడ 2005 సెప్టెంబరులో కొద్ది వారాల వ్యవధిలోనే దాదాపు 60 కిలోమీటర్ల పొడవున నేల తెరుచుకుంది. కొన్నిచోట్ల ఆ ఎడం 8 మీటర్ల వరకు ఉంది, దానిని లోపలి నుంచి మాగ్మా వచ్చి నింపింది. శతాబ్దాల తరబడి పేరుకున్న సాగుడంతా ఆ కొద్ది వారాల్లో తీరిపోయిందన్నమాట. సగటు వేగం మిల్లీమీటర్లలోనో సెంటీమీటర్లలోనో ఉన్నంతమాత్రాన, కదలిక రోజూ సమానంగా జరుగుతుందని అనుకోకూడదు.

పినాకినీ తీరం (నెల్లూరు)

మాస్టారు అడిగిన రెండో ప్రశ్న నాకు మరింత ముఖ్యమనిపిస్తోంది. నేను భౌతికశాస్త్రం చదివినవాడిని. పొయ్యి మీద పాలు మరిగేటప్పుడు నడిమిన పొంగి, మీగడను పక్కలకు నెట్టినట్టే, ప్రావారంలోని (భూమి పైపొర కిందనున్న మందపాటి రాతి పొరలోని) వేడి పైకి లేచి ఫలకాలను రెండు వైపులా నెడుతుందని మాకు చెప్పారు. ఆ వివరణలో లోపమేమీ నాకు కనబడటం లేదు.

గుండ్లకమ్మ (ఒంగోలు)

అయ్యా, ఆ పోలిక ఎంతో కాలంగా వాడుకలో ఉంది. ప్రావారంలో ఉష్ణ సంవహనం (వేడి రాయి పైకి, చల్లనిది కిందికి తిరగడం) ఉన్న మాటలో ఏ సందేహమూ లేదు. కానీ ఒక్కసారి అంటార్కిటికా పటం తీసి చూడండి. ఆ ఖండం చుట్టూ, దాదాపు అన్ని వైపులా, సముద్ర మధ్య రిడ్జిలే ఉన్నాయి. ప్రతి రిడ్జి దగ్గరా కొత్త పటలం (భూమి పైపొర రాయి) పుట్టి అంటార్కిటికా ఫలకానికి చేరుతూనే ఉంది, అందువల్ల ఆ ఫలకం అన్ని దిక్కులకూ పెరుగుతోంది. ఫలకం పెరగాలంటే చుట్టూ ఉన్న రిడ్జిలు ఖండానికి దూరంగా జరుగుతూ పోవాలి. రిడ్జి అనేది ప్రావారంలో ఒక చోట స్థిరంగా పొంగే పొంగు మీద కూర్చున్నదే అయితే అలా జరిగిపోవడం ఎలా సాధ్యం? ఆఫ్రికా విషయంలోనూ ఇదే జరుగుతోంది. దానికి పడమర అట్లాంటిక్ రిడ్జి, తూర్పున హిందూ మహాసముద్రపు రిడ్జి ఉన్నాయి.

జరిగేది ఇది. పాతబడి, చల్లబడి, బరువెక్కిన సముద్రపు ఫలకం అగాధాల దగ్గర ప్రావారంలోకి మునుగుతుంది; మునిగే భాగం తన వెనకనున్న ఫలకాన్ని లాగుతుంది. ఆ లాగుడు వల్ల వేరొకచోట ఫలకాల మధ్య ఎడం ఏర్పడుతుంది, దానిని పూడ్చడానికి కింది ప్రావారపు రాయి పైకి వస్తుంది. ఆ రాయి ఘనంగానే ఉంటుంది, ఎంతో వేడిగానూ ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ దాని మీది ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే కరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది కాబట్టి, ఎవరూ కొత్తగా వేడి చేయకపోయినా అందులో కొంత భాగం కరుగుతుంది. అలా కరిగినదే మాగ్మా. అది పైకి చేరి గడ్డకట్టి సుమారు 7 కిలోమీటర్ల మందమున్న సముద్రపు పటలం అవుతుంది. కాబట్టి ఫలకాలు విడిపోవడం వల్లనే మాగ్మా పుడుతుంది. పాఠంలోని బొమ్మ ఈ కార్యకారణాలను తలకిందులు చేసి చూపుతోంది, అందుకే నేను ఇంత పట్టుబట్టి రాస్తున్నాను.

పినాకినీ తీరం (నెల్లూరు)

అంటార్కిటికా వాదన బలమైనదే. కానీ అట్లాంటిక్ సంగతి ఏమిటి? దాని ఒడ్డుల వెంట అగాధాలు దాదాపు లేవు, కరేబియన్ దగ్గరా దక్షిణాన మరొకచోటా తప్ప. లాగేవారు లేనప్పుడు ఆ సముద్రం ఎందుకు వెడల్పవుతోంది?

గుండ్లకమ్మ (ఒంగోలు)

మంచి ప్రశ్న వేశారు. సముద్ర మధ్య రిడ్జి శిఖరం సుమారు 2,500 మీటర్ల లోతున ఉంటే, దూరంగా ఉన్న పాత సముద్రపు అడుగు 5,000 మీటర్లకు పైబడిన లోతున ఉంటుంది. కొత్త రాయి వేడిగా, తేలికగా ఉంటుంది కాబట్టి ఎత్తుగా నిలుస్తుంది. చల్లబడే కొద్దీ కుంగుతుంది. ఆ వాలు మీద ఫలకం తన బరువుతో తానే పక్కకు జరగడానికి మొగ్గు చూపుతుంది. దానిని రిడ్జి తోపుడు అంటారు గాని, అది మాగ్మా తోపుడు కాదు, గురుత్వాకర్షణే. మునిగే ఫలకపు లాగుడు దీనికన్నా చాలా రెట్లు పెద్దది. అందుకే చుట్టూ అగాధాలున్న పసిఫిక్‌లో, తూర్పు పసిఫిక్ రిడ్జి దగ్గర, విస్తరణ కొన్నిచోట్ల ఏడాదికి 15 సెంటీమీటర్ల దాకా ఉంటే, అట్లాంటిక్‌లో 2 నుంచి 4 సెంటీమీటర్లకు మించడం లేదు. మీరు చెప్పిన ఉదాహరణ ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

ఉదయగిరి కోట (ఉదయగిరి)

ఇదంతా జరుగుతోందని మొదట ఎలా తెలిసింది? సముద్రం అడుగు ఎవరు చూశారు?

పినాకినీ తీరం (నెల్లూరు)

దీనికి నేను చెబుతాను. జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ 1912లోనే ఖండాలు కదిలాయన్నాడు గాని, ఎలా కదిలాయో నమ్మకంగా చెప్పలేకపోయాడు. 1950లలో మేరీ థార్ప్, బ్రూస్ హీజెన్ కలిసి అట్లాంటిక్ లోతులను పటంగా గీస్తున్నప్పుడు, రిడ్జి శిఖరం పొడవునా ఒక లోయ ఉన్నట్టు థార్ప్ గుర్తించింది. హ్యారీ హెస్ 1962లో సముద్రపు అడుగు రిడ్జి దగ్గర పుట్టి పక్కలకు జరుగుతుందని ప్రతిపాదించాడు.

తిరుగులేని ఆధారం మాత్రం మన సముద్రం నుంచే వచ్చింది. 1962లో ఓవెన్ అనే బ్రిటిష్ నౌక కార్ల్స్‌బర్గ్ రిడ్జి మీద అయస్కాంత కొలతలు తీసింది. బసాల్ట్ అనే నల్లని లావా రాయి గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంత దిశను పట్టుకుని నిలుపుకుంటాయి, ఆ దిశ యుగాల్లో పలుమార్లు తారుమారయింది. చివరిసారి అలా మారింది సుమారు 7.8 లక్షల ఏళ్ల కిందట. రిడ్జికి రెండు పక్కలా ఆ మార్పులు చారల్లా, ఒక పక్క ఉన్నట్టే రెండో పక్కా కనబడాలి. ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ 1963లో ఆ కొలతలకు ఈ వివరణే ఇచ్చారు. ఆ చారల వెడల్పును కాలంతో భాగిస్తే విస్తరణ వేగం వస్తుంది. ఇప్పుడు జీపీఎస్ కేంద్రాలు నేరుగా కొలిచే వేగాలు ఆ పాత లెక్కలకు చాలా దగ్గరగా ఉన్నాయి. భౌతికశాస్త్రం చదివినవాడిగా నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

తీరపు పొరలు (కావలి)

నేను చమురు అన్వేషణ రంగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. మన నేల నిజంగా చీలిన కాలం గురించి గుండ్లకమ్మ గారు పైన ప్రస్తావించారు, దానిని నేను కొనసాగిస్తాను.

సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటి వరకు మన తూర్పు తీరానికి ఆనుకుని సముద్రం లేదు, అంటార్కిటికా ఉంది. మన తూర్పు కనుమల రాళ్లకూ అంటార్కిటికాలోని ఎండర్బీ ల్యాండ్ వైపు రాళ్లకూ వయసులోనూ స్వభావంలోనూ పొత్తు కుదురుతుంది. ఖండం విడిపోయే ముందు మొదట సాగుతుంది. సాగినచోట పటలం పలచబడుతుంది, పలచబడిన భాగం భ్రంశాల వెంట దిమ్మెలు దిమ్మెలుగా కుంగుతుంది. కొన్ని దిమ్మెలు మిట్టలుగా నిలుస్తాయి, వాటి నడుమవి పల్లాలవుతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల పొలాల కింద ఇప్పటికీ అవి ఉన్నాయి. బాపట్ల మిట్ట, తణుకు మిట్ట అని మేము పిలిచేవి పైకి కనబడవు. గురుత్వ కొలతలు, బావుల తవ్వకాలే వాటిని బయటపెట్టాయి. వాటి నడుమ పల్లాల్లో పేరుకున్న మన్నులోనే ఈనాటి చమురు, సహజవాయువు పుట్టాయి.

ఈ చీలికకు కళ్లారా చూడగల సాక్ష్యం ఒకటి ఒంగోలు వైపే ఉంది. వేమవరం, బూదవాడ, పావులూరు పేర్లతో భూవిజ్ఞాన గ్రంథాల్లో నమోదైన శిలలు ఇక్కడివే. వేమవరం షేల్ రాయి లేత రంగులో ఉండి పొరలు పొరలుగా విడుతుంది. ఒక్కొక్క పొర తీసినప్పుడు టిలోఫిల్లమ్ అనే మొక్క ఆకు ఈనెతో సహా, దువ్వెన పళ్లలా రెండు వైపులా అమరిన చిన్న ఆకులతో సహా, అచ్చుపడి కనిపిస్తుంది. ఫైస్ట్‌మాంటెల్ 1879లోనే ఈ తీరపు మొక్కల శిలాజాలను వర్ణించాడు. అసలు విశేషం, ఇదే శిలాసముదాయంలో అమ్మొనైట్లు కూడా దొరకడం. అమ్మొనైట్ సముద్ర జీవి. నేల మొక్క ఆకూ సముద్ర జీవి గుల్లా ఒకే బురదలో పూడ్చుకుపోయాయంటే, అప్పటికే చీలిన పల్లంలోకి సముద్రపు నీరు వచ్చిందని, ఒడ్డు పక్కనే ఉందని అర్థం. వాటిలో ఒక అమ్మొనైట్ శాస్త్రీయ నామంలో బూదవాడ పేరే ఉంది: పాస్కోయైటిస్ బూదవాడెన్సిస్. మన జిల్లా పిల్లలకు ఈ పేరు తప్పక తెలియాలని నా కోరిక.

ఉదయగిరి కోట (ఉదయగిరి)

భారత్, అంటార్కిటికా విడిపోవడానికి దక్షిణ హిందూ మహాసముద్రంలోని కెర్గెలెన్ దగ్గర లోతు నుంచి లేచిన వేడి స్తంభమే కారణమని చదివాను. అప్పుడు కింది నుంచి వచ్చిన తోపుడే కదా?

తీరపు పొరలు (కావలి)

కాలక్రమం ఆ మాటకు పూర్తిగా ఒప్పుకోదు. ఆ వేడి స్తంభంతో ముడిపెట్టే, జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ లావాల వయసు సుమారు 11.7 కోట్ల ఏళ్లు. ఖండాలు విడిపోవడం అంతకు ముందే మొదలైంది. వేడి స్తంభాలు పటలాన్ని బలహీనపరచి చీలికకు తోడ్పడవచ్చు, అఫార్‌లో, ఐస్‌లాండ్‌లో తోడ్పడుతున్నాయి కూడా. అయినా ప్రతి చీలికకూ అవే మూలమని చెప్పడానికి వీల్లేదు.

కెర్గెలెన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ సముద్రగర్భ పీఠభూమిలో ఎలాన్ బ్యాంక్ అనే భాగాన్ని శాస్త్రవేత్తలు తవ్వినప్పుడు, బసాల్ట్ లావాల నడుమ గార్నెట్ అనే ఖనిజం ఉన్న నైస్ రాతి ముక్కలు దొరికాయి. అవి ఖండపు రాళ్లు, మన తూర్పు కనుమల రాళ్ల పోలిక ఉన్నవి. చీలిక సమయంలో మన తీరం నుంచి ఊడిపోయిన ఒక ముక్క అక్కడికి చేరిందని భావిస్తున్నారు.

వెలిగొండ నీడ (మార్కాపురం)

అందరికీ నమస్కారం. మాది పలకల పని చేసిన కుటుంబం. మా మార్కాపురం పలకరాయి కూడా ఈ చీలిక కాలానిదేనా? చిన్నప్పటి నుంచీ చూస్తున్నది ఒకటి అడగాలి. పలకరాయిని ఉలి పెట్టి విడదీసినప్పుడు కొన్ని పలకల మీద ముదురు రంగు, లేత రంగు పట్టీలు ఏటవాలుగా వస్తాయి. పొరలు విడేది ఒక వాలున, పట్టీలు పోయేది మరొక వాలున. అది ఎందుకు?

గుండ్లకమ్మ (ఒంగోలు)

అమ్మా, మీరు చూసినది భూవిజ్ఞాన విద్యార్థులు క్షేత్ర పర్యటనకు వచ్చి నేర్చుకునే విషయం. మీ పలకరాయి ఈ 13 కోట్ల ఏళ్ల చీలికకు ఎంతో ముందుది. అది ఉన్న కడప హరివాణం, అంటే మన్ను పేరుకున్న పెద్ద పల్లం, ఏర్పడటం సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట పటలం సాగి కుంగడంతో మొదలైంది. ఆ పల్లంలో కిలోమీటర్ల మందాన ఇసుక, బురద, సున్నపు మన్ను పేరుకున్నాయి. మీరు చెప్పిన రంగు పట్టీలు ఆ బురద ఒక్కొక్క విడతగా దిగినప్పటి పొరలు. తరువాత తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి ఆ అవక్షేపాలన్నీ ముడుతలు పడ్డాయి, నల్లమల, వెలిగొండల్లో కనబడే ముడుతలు అవే. ఆ ఒత్తిడిలో బురదరాతిలోని అతి సన్నని అభ్రకపు రేకులు ఒత్తిడికి అడ్డంగా తిరిగి ఒకే వరుసలో అమరాయి. ఉలి దెబ్బకు రాయి విడేది ఆ వరుస వెంట. కాబట్టి పాత పొరలను అది ఏటవాలుగా కోస్తూ పోతుంది. సాగుడు వల్ల బురద చేరింది, నొక్కుడు వల్ల అది పలక అయింది. రెండు ఘట్టాలూ ఒకే రాతిలో చదవగలిగిన చోటు మీ ఊరు.

గెలాక్సీ మేస్త్రి (చీమకుర్తి)

మా క్వారీల్లోని నల్లరాయి కూడా సముద్రపు అడుగున పుట్టినదే అని ఒకరు అన్నారు. నిజమా?

గుండ్లకమ్మ (ఒంగోలు)

కాదు. వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా, అది గాబ్రో జాతి రాయి. అందులోని బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. సముద్రపు పటలం కింది భాగంలోనూ గాబ్రో ఉంటుంది కాబట్టి ఆ మాట పుట్టి ఉంటుంది. మీ రాయి మాత్రం ఖండం లోపల, లోతున చేరిన మాగ్మా నిదానంగా గడ్డకట్టినది. రాతి రకం ఒక్కటే చూసి పుట్టిన చోటు చెప్పలేము, దాని చుట్టూ ఏ రాళ్లున్నాయో కూడా చూడాలి.

నిజంగా సముద్రపు అడుగు కావాలంటే, పూర్వపు నెల్లూరు జిల్లాలోని కండ్ర దగ్గర, ఉమ్మడి ప్రకాశంలోని కనిగిరి దగ్గర చూడాలి. కండ్రలో గాబ్రో, దాని మీదుగా పక్కపక్కనే నిలువుగా చొచ్చుకొచ్చిన బసాల్ట్ గోడలు, నీటి అడుగున లావా చల్లబడినప్పుడు ఏర్పడే దిండు ఆకారపు బసాల్ట్ ఉన్నాయి. నేల తెరుచుకోవడం, మాగ్మా నిండటం, మళ్లీ తెరుచుకోవడం అనే క్రమం వల్లనే ఆ గోడలు ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. దాని వయసు సుమారు 185 కోట్ల ఏళ్లుగా లెక్కగట్టారు. కనిగిరిది సుమారు 133 కోట్ల ఏళ్లు. ఈనాటి సముద్రాల అడుగున 18 కోట్ల ఏళ్లకు మించిన పటలం దాదాపు దొరకదు, పాతదంతా అగాధాల్లో మునిగిపోయింది. అటువంటిది మన జిల్లాల్లో 100 కోట్ల ఏళ్లు దాటిన సముద్రపు ముక్కలు నేల మీద ఉండటం మామూలు విషయం కాదు. వాటి రసాయన లక్షణాలను బట్టి, అవి విశాల సముద్రం నడుమ కాక, ఒక ఫలకం మరొకదాని కిందికి దిగుతున్న చోటికి దగ్గరగా తెరుచుకున్న సముద్రాల్లో పుట్టాయని పరిశోధకులు భావిస్తున్నారు. పైన నేను చెప్పిన లాగుడుకు ఇది కూడా అనుగుణంగానే ఉంది.

దీనితో పాటు ప్రొఫెసర్ లీలానందం ప్రకాశం క్షార శిలా మండలం అని పేరు పెట్టిన, సోడియం, పొటాషియం ఎక్కువగా ఉన్న శిలలు ఉన్నాయి. ఏల్చూరులోని నెఫిలీన్ సయనైట్ అనే రాయి వాటిలో ఒకటి. ఆ జాతి మాగ్మాలు సాధారణంగా ఖండం సాగి చీలే చోట్ల పుడతాయి, ఈనాటి తూర్పు ఆఫ్రికా లోయలోనూ అటువంటివే పుడుతున్నాయి. కాబట్టి మాస్టారూ, మీ పిల్లలకు ఆఫ్రికా చీలికను చూపడానికి ఫోను అవసరం లేదు.

దర్శి సాంఘికం (దర్శి)

మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. తరగతి కోసం ఒక లెక్క వేశాను, సరిచూడగలరు. ఒంగోలు ఉత్తర అక్షాంశం 15.5 డిగ్రీలు, ఎండర్బీ ల్యాండ్ దక్షిణ అక్షాంశం సుమారు 67 డిగ్రీలు. మధ్య దూరం 82.5 డిగ్రీలు; డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దాదాపు 9,150 కిలోమీటర్లు. దానిని 13 కోట్ల ఏళ్లతో భాగిస్తే ఏడాదికి సుమారు 7 సెంటీమీటర్లు వస్తోంది.

తీరపు పొరలు (కావలి)

లెక్క సరిగానే ఉంది. అయితే అది సగటు మాత్రమేనని పిల్లలకు చెప్పండి. సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందట భారత ఫలకం ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా ప్రయాణించిన కాలం ఉంది. ఆసియాను తాకిన తరువాత ఆ వేగం తగ్గి ఇప్పుడు 5 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంది. ఈ దూరం పెరగడం ఇప్పుడు మన తీరం దగ్గర జరగడం లేదన్నది కూడా చెప్పాలి. దక్షిణాన ఎంతో దూరంలో, అంటార్కిటికా ఫలకపు అంచున ఉన్న రిడ్జిల దగ్గర కొత్త పటలం చేరుతోంది.

కొత్తపట్నం పల్లె (కొత్తపట్నం)

మేము సముద్రం మీద బతికేవాళ్లం. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ విడిపోవడం వల్ల వచ్చిందా? మన సముద్రం ఇలాగే వెడల్పవుతూ పోతుందా?

గుండ్లకమ్మ (ఒంగోలు)

సునామీ విడిపోవడం వల్ల రాలేదు. సుమత్రా, అండమాన్‌ల వెంట మన సముద్రపు అడుగు పక్క ఫలకం కిందికి దిగుతోంది. అక్కడ పట్టుకుపోయి ఉన్న అంచు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున ఒక్కసారిగా జారడంతో 9.1 తీవ్రత గల భూకంపం వచ్చింది, సముద్రపు అడుగు పైకి లేచి నీటిని తోసింది. విడిపోయే అంచుల దగ్గర ఫలకం పలచగా, వేడిగా ఉంటుంది కాబట్టి అంత పెద్ద భూకంపాలు రావు.

బంగాళాఖాతం ఇక వెడల్పు కావడం లేదు. దానిని తెరిచిన రిడ్జి దక్షిణానికి ఎంతో దూరం జరిగిపోయింది. మన తీరం దగ్గర పాత సముద్రపు పటలం కిలోమీటర్ల మందమున్న అవక్షేపాల కింద పూడిపోయి, భారత భూభాగంతో ఒకే ఫలకంగా కలిసి కదులుతోంది. కొత్తపట్నం ఒడ్డుకూ పడవ కింది సముద్రపు అడుగుకూ మధ్య ఫలకపు సరిహద్దు ఏదీ లేదు. తూర్పు కొసన మాత్రం ఈ సముద్రం అడుగు ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున తరుగుతూనే ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది. సుమత్రా వైపు పుట్టిన అల మన ఒడ్డుకు చేరడానికి రెండు గంటలకు పైగా పడుతుంది కాబట్టి, హెచ్చరిక వచ్చినప్పుడు పడవలు, వలల కోసం ఆగకుండా మనుషులు మెరకకు చేరడానికి ఆ సమయం చాలు.